ఏసీ నీళ్ళ రేగుమొక్కలు

ఉదయం నాలుగూ నలభైకి ఆయన బాల్కనీలోంచి పిలిచారు. "ఇదిగో, ఓసారి ఇటు రా. ముల్లొచ్చింది."

గురువారం. మా బడికి సెలవు. లేవబుద్ధి కాలేదు కానీ లేచాను. ఆయన యూనిఫారం వేసుకుని, బూట్లు ఒక చేత్తో పట్టుకుని, ఒక పాలపొడి డబ్బా ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. డబ్బాలో వేలెడు పొడుగు మొక్క. ఆకు మొదట్లో, చూపిస్తే తప్ప కనపడనంత ముల్లు.

"ముట్టుకో."

ముట్టుకున్నాను.

"గుచ్చుకుందా?"

"గుచ్చుకుంది."

"అయితే బతుకుద్ది," అన్నారు.

కాసేపటికి కంపెనీ బస్సు హారన్ కొట్టింది. ఆయన షుఐబా వెళ్ళిపోయారు. నేను మళ్ళీ పడుకున్నాను.

మేము కువైట్‌లోని ఫింటాస్‌లో ఒక పాత బిల్డింగ్ రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. ఆయన షుఐబాలో ఒక ప్లాంటులో పైపుల ఫిట్టర్ల మీద ఫోర్‌మన్. నేను ఇండియన్ స్కూల్లో లైబ్రరీ చూసేదాన్ని. ఇద్దరిదీ కోనసీమే. ఇది ఇరాక్ మీద రెండో యుద్ధం జరిగిన మరుసటి ఏడాది సంగతి.

మా బాల్కనీకి ఎదురుగా ఒక కువైతీ వాళ్ళ ఇల్లు, ఆ ఇంటి గోడ పక్కన ఒక రేగుచెట్టు ఉండేవి. అక్కడి వాళ్ళు చెట్టును సిద్ర్ అంటారు, పండును కునార్ అంటారు. మన గంగరేగు కన్నా చిన్న పండు, గుండ్రం, తీపి. ఆ దేశంలో నేను చూసిన చెట్లలో చాలావరకు ఎక్కడినుంచో తెచ్చి, నల్లటి నీళ్ళ గొట్టాలు పెట్టి బతికిస్తున్నవి. ఇది ఆ నేలదే. ఇంటి పెద్దావిడ కొత్త కోడలిగా వచ్చేటప్పటికే అది గోడ దాటి ఉందట.

ఈ సంగతి మాకు చెప్పింది అక్క. అక్క అంటే ఆ ఇంట్లో వంటా పిల్లలూ చూసుకునే మనిషి. కడప జిల్లా. మాకంటే పెద్దది, మాకంటే చాలా ముందు కువైట్ వచ్చింది. ఆ ఇంటి పిల్లలు ఆమె చేతుల మీద పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. పెద్దావిడను మామా అంటుంది. శుక్రవారం మధ్యాహ్నం మామా నిద్రపోయాక మా ఇంటికి వచ్చేది. మా వైపు తెలుగువాళ్ళలో ఎవరు పోయినా మొదట కబురు వెళ్ళేది అక్కకే. పెద్దవాళ్ళెవరూ దగ్గర లేని ఊళ్ళో దీపం ఎక్కడ పెట్టాలో, ఏది ముట్టుకోకూడదో చెప్పడానికి ఒక మనిషి కావాలి. అక్క ఆ మనిషి.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఆమె గిన్నెనిండా కునార్ పళ్ళు తెచ్చింది.

"కడాకి ఇవే పాపా. ఇల్లు కొట్టేస్తారంట. బిల్డింగ్ కడ్తారంట. మమ్మల్ని చిన్నకొడుకు కొత్తింటికి తీసకపోతారంట. చెట్టు ఖలాస్."

"మామా ఏమంటోంది?" అన్నాను.

"ఏమంటాది. కొడుకులు మాట్లాడుకున్న్యారు, అయిపాయ. పొద్దున్నుంచి ఆ చెట్టు కిందనే కుర్చీ ఏసుకోని కూసోనుండాది. తిండి తీసకపోతే యల్లా యల్లా అని నన్ను తరుముతాది."

ఆయన ఒక పండు తిని గింజ అరచేతిలో వేసుకుని చూస్తున్నారు.

"గింజ నుంచి మొలిపిద్దామండక్కా. మామాకి చెప్పండి. కొత్తింటికి ఈ చెట్టు పిల్లే వత్తాదని చెప్పండి."

అక్క నవ్వింది. "నువ్వా? మీ కోనసీమోళ్ళకి కాలవ పక్కన కట్టె గుచ్చినా లేస్తాది. అది యవసాయమా? నీళ్ళు పోయకుండా ఒక్క చెట్టు పెంచి సూపీ తమ్ముడా, అప్పుడు ఒప్పుకుంటా."

"మీ కడపలో రేగుచెట్టుకి నీళ్ళు పోత్తారాండి?"

"రేగిచెట్టుకి నీళ్ళు పోసినోన్ని నేను పుట్టినాక సూడలే. అది సావమన్నా సావదు."

"అయితే నేనూ పొయ్యను. ఒక్క చుక్క పొయ్యను. పందెం."

"ఓడిపోతే?"

"మీరే చెప్పండి."

"నువ్వు ఓడితే నా చేతి సంగటి తినాల. గెలిస్తే కూడా పెడ్తాలే."

"అంటే ఎటు తిరిగినా నాకు సంగటేనా," అన్నారు ఆయన.

ఆ వారమంతా మేము పళ్ళు తింటూ గింజలు కడుగుతూ ఉన్నాం. గుజ్జు పూర్తిగా పోవాలి, లేకపోతే బూజు పడుతుంది. కడిగినవి నీళ్ళలో వేస్తే కొన్ని మునిగాయి, కొన్ని తేలాయి. తేలినవి పనికిరావని ఆయన వేరుచేశారు, కానీ పారేయలేదు. హార్లిక్స్ సీసాలో పోసి వంటింటి అటక మీద పెట్టారు. ఏ వస్తువైనా పారేయడం ఆయన వల్ల అయ్యేది కాదు.

రేగుగింజను అలాగే పాతితే మొలవడానికి చాలా కాలం పడుతుందని మా లైబ్రరీలో ఒక పుస్తకంలో చదివి చెప్పాను. పెంకు గట్టిది. లోపల రెండు గదులు, గదికొక పప్పు. పెంకు పగలాలి, పప్పు నలగకూడదు. సుత్తితో కొడితే రెండూ పిండి అయ్యాయి. అప్పుడు ఆయన నా పెట్టెలోంచి అడకత్తెర తీశారు. మా అత్తగారిది. ఆవిడ వక్కలు కత్తిరించుకునేది. కువైట్‌లో దానితో ఏం పనని నేను తేవద్దన్నా ఆయన తెచ్చుకున్నారు. గింజను కత్తి అంచున కాకుండా మడత దగ్గర, కీలుకు ఆనించి, నిలువుగా పట్టి మెల్లగా నొక్కేవారు. టక్కుమని చిన్న చప్పుడు వచ్చేది. చప్పుడు వినగానే చెయ్యి ఆపేయాలి. పెంకు రెండు చెక్కలయ్యేది. లోపల అవిసెగింజలాగా నున్నగా, దానికంటే పెద్దగా, గోధుమరంగు పప్పు. నేను ప్రయత్నిస్తే ప్రతిసారీ నలిగింది. చప్పుడు విన్నాక నా చెయ్యి ఆగేది కాదు.

మునిగిన గింజలన్నీ ఒకే రోజు పగలగొట్టేశారు. కొన్ని దాచమన్నాను. "మామాకి మాటిచ్చాం, ఉన్నవన్నీ పెడదాం," అన్నారు. పెంకు తీసిన పప్పు నిలవ ఉండదు. రాత్రంతా నానబెట్టి, పాలపొడి డబ్బాల అడుగున చిల్లులు పొడిచి, షువైఖ్ వైపు పనిమీద వెళ్ళినప్పుడు తెచ్చిన ఎరువు ఇసుకలో కలిపి, డబ్బాకు రెండు చొప్పున నాటారు.

నీళ్ళు పోయనన్న పందెం ఆయన ఇలా నెగ్గారు. మా పడకగది కిటికీ ఏసీ వెనకభాగం బాల్కనీలోకి ఉండేది. సముద్రపు తేమగాలి, పైగా చలిలో కూడా ఆయన ఏసీ ఆపనిచ్చేవారు కాదు కాబట్టి దాని గొట్టంలోంచి నీళ్ళు కారుతూనే ఉండేవి. ఆ గొట్టానికి సన్నని పైపు తగిలించి, పాత రంగుల డబ్బాలోకి వదిలారు. ఒక పాత పంచె సగం చింపి, పేలికలు చేసి, ఒక కొస రంగుల డబ్బాలో, రెండో కొస ఒక్కో పాలపొడి డబ్బా మట్టిలోపల. గుడ్డ వెంట నీళ్ళు తడితడిగా ఎక్కి దిగేవి. పేలికల మీద ఇసుక కప్పేశారు. రంగుల డబ్బా ముందు ఖాళీ సూట్‌కేసు నిలబెట్టారు. బయటికి మొక్కలు తప్ప ఏమీ కనపడేవి కావు.

మార్చిలో మొలిచాయి. అక్క ప్రతి శుక్రవారం వచ్చి మట్టిలో వేలు పెట్టి చూసేది.

"తేమ ఉండాది. పోస్తాండావు నువ్వు."

"మీ తమ్ముడి మీద ఒట్టండి. చుక్క పొయ్యట్లేదు." ఆయన తన తలమీద తానే చెయ్యి పెట్టుకున్నారు.

"నువ్వు చెప్పు పాపా."

"పోయడం నేనైతే చూడలేదక్కా," అన్నాను. అది నిజమే కాబట్టి నవ్వు ఆపుకోవడం ఇంకా కష్టమైంది.

ఏప్రిల్ చివర్లో యంత్రం వచ్చింది. మామాను అంతకుముందే చిన్నకొడుకు కొత్తింటికి తీసుకెళ్ళారు, అక్క కూడా ఆమెతో వెళ్ళింది. చెట్టు పడిపోవడం మేము బాల్కనీలోంచి చూశాం. మేము టీ తాగడం అయ్యేలోపు అయిపోయింది. వేళ్ళు ఎంత దూరం పోయి ఉన్నాయో అప్పుడు తెలిసింది, రోడ్డు అంచు కూడా లేచి వచ్చింది. ఆయన మూలకు వెళ్ళి సూట్‌కేసు జరిపి రంగుల డబ్బాలో నీళ్ళెంత ఉన్నాయో చూసి వచ్చారు.

అప్పటినుంచి అక్క వచ్చినప్పుడల్లా ఒకటే కబురు. "మామా అడగతాంది. నా చెట్టు పిల్లలు ఎట్లుండాయి అని." అక్టోబరులో ఎండ తగ్గాక కొత్తింట్లో పాతాలని మాట. మామా అక్కడ గోడ పక్కన చోటు కూడా చూపించి, అక్కడ సిమెంటు వేయొద్దని కొడుకులకు చెప్పిందట.

ముల్లు చూపించిన ఆ గురువారం పదిన్నర ప్రాంతంలో ఆయనతో పనిచేసే అబ్బాయి ఫోన్ చేశాడు. "వదినగారూ, అన్నయ్యకి కొంచెం ఒంట్లో బాగోలేదండి. మీరు ఇంట్లోనే ఉండండి. మేం వత్తున్నాం."

ఒంట్లో బాగోలేనిది ఆయనకైతే నన్ను ఇంట్లోనే ఎందుకు ఉండమన్నాడో ఆలోచించలేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఇద్దరికి సరిపడా పెట్టాను. ఆయనకు చారు పోసి పెడితే సర్దుకుంటుందని చింతపండు కూడా నానేశాను.

ఇద్దరు మనుషులు వచ్చి తలుపు బయట బూట్లు విప్పారు. ఎప్పుడూ బూట్లు విప్పమంటే ఇప్పుడే వెళ్ళిపోతామనే మనుషులు. విప్పి, గోడవారగా నిలబడ్డారు. ఆయన షెడ్డు నీడలో నీళ్ళు తాగుదామని కూర్చున్నారట. కూర్చున్న మనిషి లేవలేదట. గుండె అన్నారు ఆసుపత్రిలో. నాకు వాళ్ళ మేజోళ్ళు గుర్తున్నాయి. వాళ్ళు చెప్పిన మాటల వరుస గుర్తు లేదు.

నేను పుస్తకాల్లో చావుల గురించి చాలా చదివాను. అవేవీ పనికి రాలేదు. నాకు ఏడుపు రాలేదు. వేలి చివర ఉదయం ముల్లు గుచ్చుకున్న చోటు ఇంకా కొంచెం చురుక్కుమంటోంది. ఆయన లేరని అంటున్నారు, ఆ చురుకు ఉంది. ఈ రెండూ ఒకే రోజున ఎలా ఉంటాయో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని చెప్పలేను.

సాయంత్రానికి అక్క వచ్చింది. మామానే పంపిందట, శవం ఊరికి వెళ్ళేదాకా అక్కడే ఉండమని. వచ్చీరాగానే పొయ్యి మీద మాడిన అన్నం గిన్నె దించింది. నన్ను హాల్లో గోడకు ఆనించి కూర్చోబెట్టింది.

"తమ్ముడు పండుకునే తావు యాడ పాపా?"

పడకగది వైపు చూపించాను.

మంచం తలవైపు స్టీలు గిన్నెలో దీపం పెట్టింది. ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరిపోయింది. హాల్లో కూర్చున్న ఆడవాళ్ళలో ఒకావిడ "ఆరకూడదండి, మంచిది కాదు," అంది. లోపల ఏసీ ఆగడం వినిపించింది. ఆ గదిలో అది ఆగితే వచ్చే నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. విన్నాను. విని కూర్చున్నాను. అక్క తలుపు దగ్గరగా వేసి వచ్చింది. బాల్కనీకి దారి ఆ గదిలోంచే.

ఆ తర్వాత రోజులు కాగితాలతో గడిచాయి. అవన్నీ ఆయన స్నేహితులే చూసుకున్నారు. మనుషులు వచ్చేవారు, కాసేపు కూర్చునేవారు, దేన్నీ ముట్టుకోకుండా లేచి, తలస్నానం చేయడానికి ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. నేను మైలలో ఉన్నదాన్ని, దేన్నీ ముట్టుకోకూడదు. వచ్చినవాళ్ళు చావింటికి వచ్చినవాళ్ళు, వాళ్ళూ ముట్టుకోకూడదు. ఇల్లంతా ఎక్కడి వస్తువు అక్కడే ఉండిపోయింది. అక్క మాత్రం రెండు పూటలా గదిలోకి వెళ్ళి నూనె పోసి, తలుపు వేసి వచ్చేది.

"మొక్కలు?" అని నేను ఒకసారి అడిగానట. అక్క తర్వాత చెప్పింది, నాకు గుర్తు లేదు. "వాటికేం కాదులే పాపా, తమ్ముడు చుక్క నీళ్ళు పోయనని ఒట్టేసి పెంచినాడు," అని తను జవాబిచ్చిందట.

మంగళవారం ఉదయం ఆయనకు కట్టడానికి తెల్ల పంచె కావాలని కబురు వచ్చింది. బీరువాలో ఏది ఎక్కడుందో నాకే తెలుసు. అక్క, "నువ్వే రా పాపా, నేనుండా," అంది.

తలుపు తీశాను. వేడి ముఖాన కొట్టింది. మే నెలాఖరు, పడమటి గది, అన్ని రోజులు మూసి ఉన్న గది. మంచం తలవైపు దీపం నిలకడగా వెలుగుతోంది. బీరువా తీశాను. పై అరలో మడతపెట్టి ఉన్నది చేతికి వచ్చింది. విప్పి చూస్తే సగం పంచె. రెండో సగం చింపేశారు. ఎందుకు చింపారో గుర్తొచ్చింది. గది ఎందుకంత వేడిగా ఉందో అప్పుడు తెలిసింది.

బాల్కనీ తలుపు నేను తీయలేదు. అక్క తీసింది, నేను అటే చూస్తున్నానని.

మొక్కలు నిలబడే ఉన్నాయి. అది నాకు ఇంకా కష్టంగా తోచింది. వాలిపోలేదు, పడిపోలేదు. ఎండి, బూడిదరంగులోకి మారి, ఎక్కడివక్కడ నిటారుగా ఉన్నాయి. అక్క ఒకదాన్ని ముట్టుకుంటే ఆకులు రాలాయి. ముల్లు రాలలేదు.

"ఇదేంది పాపా. రేగి చెట్లు గదా. నీళ్ళు పోయకుండానే పెంచినాడు గదా."

నేను సూట్‌కేసు జరిపాను. రంగుల డబ్బా అడుగున ఎండిన గీత. ఏసీ పైపు కొస ఇంకా అందులోనే ఉంది. ఒక డబ్బాలో ఇసుక తోసి పేలిక పైకి లాగాను. అట్టలా గట్టిపడిపోయింది. అక్క దాన్ని చూసింది. పైపును చూసింది. పైపు వెంట చూపు పైకి వెళ్ళి, తను ఆపేసిన ఏసీ దగ్గర ఆగింది. తర్వాత వెనక్కి తిరిగి గదిలోకి, దీపం వైపు చూసింది.

"ఇదా ఒట్టు," అంది. కింద బండి హారన్ కొడుతోంది. కొత్త పంచె తీసి ఇచ్చాను.

ఊళ్ళో పెద్దకర్మ అయ్యాక నేను కువైట్ తిరిగి వచ్చాను. నా ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, బడి మీద ఉంది కాబట్టి రాగలిగాను. మొదటి శుక్రవారం అక్క వచ్చింది. వస్తూనే, "తేలినవి ఉండాయి గదా, సీసాలో," అంది.

అటక మీంచి దించాను. అడకత్తెర కూడా తీశాను. నేలమీద పాత పేపరు పరిచి ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన పట్టినట్టే మడత దగ్గర పట్టాను. టక్కుమంది, చెయ్యి ఆపాను. మొదటిసారి ఆగింది. పెంకు రెండు చెక్కలైంది. లోపల రెండు గదులూ ఖాళీ. కొంచెం నల్లటి పొడి. ఇంకోటి పగలగొట్టాను. అక్క ఒక్కో చెక్కనూ వెలుతురులో పెట్టి చూసేది, చూసి పేపరు మీద పెట్టేది. సీసా అయిపోయేదాకా ఆపలేదు. ఆయన తేల్చి వేరుచేసిన వాటిలో ఒక్కటి కూడా పొరపాటు లేదు.

"మామాకి చెప్పావా?" అని అడిగాను.

"చెప్పినా."

"ఏమంది?"

అక్క పెంకులు పేపర్లో చుడుతూ చెప్పింది. "చెట్టు మాట ఎత్తల్యా. ఆ దీపం ఆరిపోయిందా అని అడిగింది. ల్యా మామా, ఆరనీల్యా అన్న్యా. మంచిది అనింది. లోపలికి పోయి తలుపేసుకునింది."

కొత్తింటి గోడ పక్కన ఆ చోటు చాలాకాలం మట్టిగానే ఉందని అక్క చెప్పేది. తర్వాత కొడుకులు కార్లు పెట్టుకోవడానికి రాళ్ళు పరిచారట. మామా కాదనలేదట.

నేను ఇంకా కొన్నేళ్ళు ఫింటాస్‌లోనే ఉన్నాను. అక్కడి తెలుగువాళ్ళలో ఎవరు పోయినా కబురు ఇప్పటికీ అక్కకే వెళుతుందని వింటుంటాను. మామా పంపుతుంది, అక్క వస్తుంది. గిన్నెలు తోముతుంది, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిస్తుంది, ఆ ఇంటి ఆడమనిషి పక్కన రాత్రంతా కూర్చుంటుంది. బాల్కనీ ఉంటే ముందు అక్కడికి వెళ్ళి చూసి వస్తుంది. ఎవరైనా నూనె గిన్నె, ఒత్తి తెచ్చి చేతికి ఇవ్వబోతే పక్కనున్న వాళ్ళకు ఇమ్మంటుంది. అక్క ఇప్పుడు దీపం పెట్టదు.